అడ్డం పెట్టిన ఇటుక

ఈ అరబ్బు నగరంలోని ఖురం పేటలో నేను డిజైన్ చేసిన దుకాణం ఇటుక గోడలకు ఇవాళ నీళ్లు కొట్టారు. ఆ తడి గోడలను చూస్తే చిన్ననాటి ఖర్జూరం డబ్బాలు గుర్తొచ్చాయి.

నాన్న మేస్త్రీ. ఇదే నగరంలోని ఘుబ్రా పేటలో మా ఇంటి క్యాలెండర్ మీద ఇంగ్లండులోని పాత మార్కెట్ భవనం ఉండేది. దాని గోడల నిండా ఒకటి పొడుగు, ఒకటి పొట్టి ఇటుక.

"ఇటుకలు చాలక పగలగొట్టిండ్రు, పాపం!" అన్నాను.

"పగలగొట్టలే బిడ్డా, అడ్డం పెట్టిండ్రు. కొస కనవడ్తది, మిగిలింది లోపలికుండి గోడను పట్టుకుంటది."

నమ్మక, ఖాళీ ఖర్జూరం డబ్బాలతో అలాగే కట్టి చూశాను. స్నేహితులు ఒకదానిమీద ఒకటి పేర్చిన గోడలు బంతి తగలగానే కూలాయి. నాది కదల్లేదు! వీధంతా వినబడేలా అరిచాను.

ఇవాళ నాన్న నా గోడలో పొట్టి ఇటుకను తడిమి, "చాలక పగలగొట్టినవా బిడ్డా?" అన్నాడు.

"బంతి తెచ్చుకో బాపూ," అన్నాను.