లండన్ కారుకు జహంగీర్ చాచా పెట్టిన పరీక్ష

ఎండకు వేడెక్కిన నల్ల టేపుకు ఒక వాసన ఉంటుంది. నిన్న ఒక ఆటో దీపానికి ఎవరో ఆ టేపు చుట్టి ఉంచారు. వాసన ముక్కుకు తగలగానే, ఇబ్రహీంపట్నంలో సాగర్ రోడ్డు పక్కన రేకుల షెడ్డులో బండ్ల కరెంటు పని చేసిన జహంగీర్ చాచా గుర్తొచ్చాడు.

కొంగరకలాన్‌లో పంట చేతికి రాకముందే చేనుకు ప్లాటు నంబరు పడుతున్న రోజులవి. లండన్‌లో కొట్టు నడిపి తిరిగొచ్చిన నర్సింహన్న ప్లాట్ల వ్యాపారం పెట్టాడు. అక్కడ కొన్న కారును ఓడలో వెంట తెచ్చుకున్నాడు. దానికి నేను డ్రైవర్ని. స్టీరింగ్ మనలాగే కుడివైపు ఉంది కాబట్టి చిక్కు లేదనుకున్నాం. కానీ అక్కడ ఒకసారి ఎక్కడో గుద్దినప్పుడు అన్న చవగ్గా వేయించిన దీపాలు, బండ్లు రోడ్డుకు కుడిపక్క నడిచే దేశాలవట, వెలుగు కుడికే ఎక్కువ వేస్తాయి. వెలుతురు ఎదురొచ్చేవాడి కళ్ళలో కొడుతోందని రవాణా ఆఫీసు పరీక్షలో కారు తప్పింది. నేను తప్పిన పరీక్షలు చాలా ఉన్నాయి గానీ, కారుతో కలిసి తప్పడం అదే మొదలు. సోమవారం మళ్ళీ పరీక్ష.

"కారు రోడ్డెక్కకపోతె నీతోని నాకేం పనిర శ్రీనూ," అన్నాడు నర్సింహన్న.

ఇద్దరం చాచా షెడ్డుకు వెళ్ళాం.

"అసలు దీపాలు లండన్ నుంచి రావాల్నంటె నెల పడ్తది. జర టేపు ఏసెయ్ జహంగీరూ," అన్నాడు అన్న.

"ఏసెయ్ చాచా, నా నౌకరి గా టేపు మీదనే ఉన్నది," అన్నాను నేను.

చాచా వాదించలేదు. ఎదురొచ్చేవాడి కళ్ళలో కొట్టే భాగం మూసుకుపోయేలా దీపాల అద్దాలకు టేపు వేశాడు. కారును పక్కనున్న ఖాళీ గోదాంలోకి తోలించి, పట్టపగలే షట్టరు దించాడు. అన్న స్టీరింగ్ ముందు, నేను పక్క సీట్లో. దీపాలు వేశాం.

"మంచిగ చూడన్నా. ఎవలన్న ఉన్నరా?" చీకట్లోంచి చాచా గొంతు.

"ఎవ్వరు లేరు. మస్తుగున్నది. సోమవారం పాసే."

"నేనున్న."

నేను దిగి షట్టరు ఎత్తి చూస్తే, చాచా ఎడమపక్క, కారు వెళ్ళాల్సిన దారి అంచునే, గోనెపట్టా కప్పుకుని నిలబడి ఉన్నాడు. "రావిర్యాల ఊరికి రోడ్డు పొంటి నడుసుకుంట పోతున్న. గుద్దినవ్," అన్నాడు. తప్పు పట్టినట్టు కాదు, టైమెంతయిందో చెప్పినట్టు.

పరీక్షకు పెద్ద పెద్ద యంత్రాలు ఉంటాయని విన్నాను. ఆయన యంత్రానికి బదులు తననే నిలబెట్టుకున్నాడు. అన్న దిగి, ఆ టేపును తన చేత్తోనే పీకేశాడు.

సోమవారం పరీక్షకు వెళ్ళలేదు. నా నౌకరి పోయిందనే అనుకున్నాను. అన్న పాత జీపు తాళాలు నా చేతిలో పెట్టి, "గిది తోలు. జర చూసి తోలు," అన్నాడు. సరైన దీపాలు వచ్చాక చాచాయే బిగించాడు. కారు పాసయింది.

చాచా ఇప్పుడు లేడు. నాకు రెండు స్కూలు వ్యాన్లున్నాయి. దారి ఖాళీగా కనబడి, 'ఎవరూ లేరు' అని మనసులో అనుకున్నప్పుడల్లా నా కాలు దానంతటదే బ్రేకు మీదికి పోతుంది.