పెద్దమ్మ బయట కూర్చున్న మూడు రోజులు

ఆ రోజుల్లో నాకు తెలియని సంగతంటూ ఉండేది కాదు. గుంటూరులో డాక్టరు చదువు అప్పుడే పూర్తయింది. స్టెతస్కోపు మెడలో వేసుకునే బస్సెక్కేదాన్ని (ఒక్కరైనా చూడకపోతారా అని). అలా ఓ మాఘమాసంలో చిలకలూరిపేట వెళ్లాను, అర్చకత్వం చేసుకునే పెదనాన్నగారింటికి. జిన్నింగు మిల్లుల నుంచి దూది పింజలు ఎగిరొచ్చి పెరట్లో గన్నేరు కొమ్మల మీద వాలుతున్నాయి. పెద్దమ్మ బయట చేరిందట. నెలకు మూడు రోజులు పొయ్యీ, బిందే, చీపురూ ముట్టకూడదు కనక వెనక వసారాలో చాప మీద వారపత్రిక ఒళ్లో పెట్టుకుని ఆ పింజల్నే చూస్తూ కూర్చుంది. వంటింట్లో పెదనాన్న పులుసు మాడబెడుతున్నారు.

కాస్త ఎడంగా కూర్చున్నాను. మాటల మధ్యలో పెద్దమ్మ, బిందె ఎత్తుకుని నడుస్తుంటే గుండె పట్టేసినట్టుంటోందనీ, ఆగితే తగ్గుతోందనీ చెప్పింది. నేను హడలిపోవాల్సింది. దానికి బదులు ఉపన్యాసం మొదలెట్టాను. ఈస్ట్రోజెన్ అనే హార్మోను ఆడవాళ్ల రక్తనాళాలను మెత్తగా ఉంచుతుందని, వాటిలో కొవ్వు తొందరగా పేరుకోనివ్వదని, నెలసరి ఆగాకే ఆ కాపుదల తగ్గుతుందని (పరీక్షలో ఇదే రాసి మంచి మార్కులు తెచ్చుకున్నాను). నీకింకా వస్తోంది కనక అది గ్యాసే, పెరుగన్నం తిని పడుకోమన్నాను.

పెద్దమ్మ వంటింటి వైపు చూసి గొంతు తగ్గించింది.

"అది ఆగిపోయి ఏళ్లయిందే. మీ పెదనాన్నతో అనకు."

"మరి ఈ బయట కూర్చోవడం?"

"ఈ ఇంట్లో నడుం వాల్చడానికి ఇంకో దారేదే?"

అంటే ఆ కాపుదల ఎప్పుడో పోయిందన్నమాట. చప్పున చెయ్యి పట్టుకుని నాడి చూశాను. అలవాటుకొద్దీ పెద్దమ్మ, "నన్ను ముట్టుకున్నావు, ఇక స్నానం చెయ్యి" అంది.

మర్నాడే పెదనాన్నా నేనూ ఆవిడని గుంటూరు తీసుకెళ్లాం. గుండె రక్తనాళం పూడుకుపోతోందని, వేళకి తెచ్చారని మా సారు అన్నారు. మందులు మొదలుపెట్టాక నన్ను పక్కకు పిలిచి, నెలసరి వస్తున్నా సరే, ఛాతీ నొప్పి అంటే ముందు పరీక్ష చెయ్యాలని గడ్డి పెట్టారు. ఆ హార్మోను కాస్త అండే గానీ కవచం కాదట.

తిరుగు బస్సులో పెద్దమ్మ కునుకు తీస్తోంది. కిటికీ బయట కళ్లాల్లో మిరపకాయలు ఎర్రగా ఎండుతున్నాయి. ఆవిడకిక విశ్రాంతి కావాలని పక్క సీట్లో ఉన్న పెదనాన్నకు చెప్పాలి, రహస్యం మాత్రం బయటపడకూడదు. నేను నసుగుతుంటే ఆయనే అన్నారు.

"ఆగిపోయిన సంగతి నాకు తెలుసులేమ్మా. ఆవిడ కూర్చుంటానంది, నేను వండాను. నొప్పి సంగతే చెప్పలేదు నాకు."

ఆ తర్వాత పెద్దమ్మ చాలాకాలం బతికింది, పెదనాన్న పులుసును తిట్టుకుంటూ.

ఇప్పుడు నాకూ ఆ హార్మోను అండ పోయింది. పొద్దున్నే నడుస్తున్నాను, కొలెస్ట్రాల్ పరీక్ష చేయించుకుంటున్నాను. మొన్న మాత్రం బాల్కనీలో చాప వేసుకుని, నేను బయట ఉన్నానని మావారితో అన్నాను. ఆయన నా నెరిసిన జుట్టు కేసి ఓసారి చూసి, ఏమీ అడక్కుండా వంటింట్లోకి వెళ్లారు. కాసేపటికి పులుసు మాడిన వాసన వచ్చింది. ఎంత హాయిగా అనిపించిందో చెప్పలేను.