గేటు దగ్గర విప్పిన చేతిపట్టీ

మా ఫిజియోథెరపీ మేడం పోయారు. పాత ఫ్యాక్టరీలో నాతో పనిచేసిన అన్న ఫోన్ చేసి, గుండెపోటని చెప్పాడు. తెలంగాణ వచ్చిన సంబురం ఇంకా వీధుల్లో ఉంది. నాకు మాత్రం ఏడుపు కంటే ముందు కోపం వచ్చింది. అది ఇంకా తగ్గలేదు, అందుకే రాస్తున్నాను.

నాచారంలో హ్యాండిల్ గుంజి రేకులు నొక్కే చేతి ప్రెస్సు మీద పనిచేసేటప్పుడు నా కుడి భుజం పట్టేసింది. చెయ్యి ఛాతీ దాటి లేచేది కాదు. లోపల కండరాన్ని ఎముకకు పట్టి ఉంచే టెండన్ కొంత చిరిగిందని, ఆపరేషన్ లేకుండానే మానుతుందని మేడం చెప్పారు. చిల్కానగర్‌లో చిన్న గది అద్దెకు తీసుకుని వైద్యం చేసేవారు. మెడకు తగిలించుకునే చేతిపట్టీ ఇచ్చి, మిషన్ జోలికి పోవద్దన్నారు.

"నొప్పి తగ్గుడు వేరు, మానుడు వేరు. రెండూ ఒకటే అనుకుంటే మళ్ల నా కాడికే వస్తవ్," అనేవారు.

కానీ పనికి పోకుంటే జీతం రాదు, పట్టీ కనిపిస్తే సెక్యూరిటీ లోపలికి పోనివ్వడు. అందుకే దెబ్బలు తగిలినవాళ్లమంతా గేటు పక్కనే విప్పేసి టిఫిన్ సంచిలో కుక్కేవాళ్లం. ఒకరోజు మేడం నా పట్టీ మీది పసుపు మరక చూసి, వాసన పట్టారు.

"గిది చెయ్యికి కట్టినవా, పప్పు డబ్బాకు కట్టినవా?"

నేను నవ్వబోయాను. ఆమె నవ్వలేదు. సంగతి చెప్పగానే గదికి తాళం వేసి, స్కూటీ మీద నేరుగా ఫ్యాక్టరీ గేటుకు వచ్చారు.

"లైట్ డ్యూటీ ఇస్తున్నం గద మేడం," అన్నాడు సూపర్‌వైజర్.

కోపమొస్తే ఆమె కళ్లజోడు తీసి కొంగుతో తుడిచేవారు. అప్పుడూ అదే చేశారు.

"మిషన్ గదే, హ్యాండిల్ గదే. లైట్ ఏడున్నది సారు? జర చూపియ్యున్రి."

మర్నాడే సూపర్‌వైజర్ మమ్మల్ని వరుసగా నిలబెట్టి, ఆమె దగ్గరికి పోయేవాడు డ్యూటీకి రానక్కర్లేదన్నాడు. చాలామంది వైద్యం మానేశారు. నేను మానలేదు, పని పోయింది. చెయ్యి మాత్రం లేచింది. ఇప్పుడు ఏఎస్ రావు నగర్‌లో బట్టల షాపులో పై అరల్లోంచి చీరలు దించుతున్నాను. అది ఆమె పెట్టిన తిండే.

ఆ సూపర్‌వైజరూ అంత్యక్రియలకు వచ్చాడు. "మస్తు మంచామె. మనోళ్లకు ఎంతో చేసింది," అంటుంటే ఒళ్లు మండింది.

"ఆమె కాడికి పోవద్దన్నది మీరే గద సారు," అన్నాను.

నాకు ఫోన్ చేసిన అన్న నా మోచెయ్యి పట్టి గుంజాడు. "చావు కాడ ఎందుకురా."

మరి ఆమె బతికుండగా ఎవరన్నారు?

తర్వాత చిల్కానగర్‌లో మేడం గది సర్దుతున్న ఆమె కూతురికి సాయం చేయడానికి వెళ్లాను. గోడకు వేళ్లు ఆనించి, కొంచెం కొంచెంగా చేతిని పైకి పాకించడం మేడం మాతో చేయించే కసరత్తు. మా చేతుల గ్రీజంతా ఆ గోడకు పట్టింది.

"ఇంటి ఓనర్ సున్నం ఏపిస్తడట అన్నా," అంది కూతురు.

గోడ వైపు చూశాను. నడుము ఎత్తు నుంచి ఛాతీ ఎత్తు దాకా గోడ నల్లగా ఉంది. మధ్యలో వైద్యం మానేసినవాళ్ల చేతులన్నీ అక్కడే ఆగాయి. తల దాటి పైకి పోయిన వేళ్ల గుర్తులు ఏవో కొన్నే.