తెల్లబడిన చిగుళ్లు

జములమ్మ పుట్టింది అలంపూర్ దగ్గర, తుంగభద్ర ఒడ్డున, నల్లరేగడిలో. మల్దకల్ దాటి లోపలికి పోతే వచ్చే ఎర్రచెల్కల ఊరికి హనుమంతు భార్యగా వచ్చింది. వచ్చిన కొత్తలో ఆ నేలను చూసి ఏడ్చింది. పోనుపోను ఆ నేలే ఆమెకు కొట్టినపిండి అయింది. ఎక్కడ తేమ ఆగుతుందో, ఎక్కడ సున్నపురాళ్లు పైకి తేలాయో చెప్పులు విడిచి నాలుగడుగులు వేస్తే ఆమె పాదాలకు తెలిసిపోయేది. హనుమంతు మెత్తని మనిషి. ఎదుటివాడు గట్టిగా అడిగితే కాదనలేడు. ఆ మెతకదనమే వాళ్ల ఇంటి మీదికి ముప్పు తెచ్చింది.

వరసగా రెండేళ్లు వానలు మొహం చాటేసి వేరుశనగ ఎండిపోయాక, 2006 తొలకరిలో తిరుపతయ్య వాళ్ల గుమ్మం ఎక్కాడు. పెద్దమందడి వైపు మనిషి. ఎప్పుడూ గొంతు పెంచడు. హనుమంతును తమ్మీ అనేవాడు, జములమ్మను చెల్లె అనేవాడు. కాలిపోయిన బోరు మోటరు బాగు చేయించి, కంది సాళ్ల నడుమ వేయమని ఓ సంచి విత్తనం ఇచ్చాడు. మందుల కంపెనీలు కొనే మొక్క అని చెప్పాడు. మొలకలప్పుడు జములమ్మ పుంటికూర, అదే గోంగూరేమో అనుకుంది. ఆకు అంచులు రంపపు పళ్లలా తేలి, వాసన చేతులకు పట్టుకున్నాక గానీ అది గంజాయి అని ఆమెకు తెలియలేదు.

భర్తను నిలదీసింది. హనుమంతు తల ఎత్తలేదు.

"తెల్సే ఏసిన. ఈ ఒక్క పంట" అన్నాడు.

పట్టా హనుమంతు పేరు మీద ఉంది. అబ్కారీ వాళ్లు వస్తే జైలుకు పోయేది అతనే. తిరుపతయ్య పేరు ఎక్కడా లేదు. ఆ సంగతి తెలిశాక జములమ్మకు తిండి సహించలేదు. దారిన పోయే ప్రతి జీపూ తమ చేను ముందే ఆగుతుందేమో అనిపించేది.

వినాయక చవితి దాటింది. కంది ఏపుగా ఎదిగి ఆ మొక్కలను బాగానే దాచింది. అంతలో మొక్కల కొసలు రంగు మారాయి. కింది ఆకులు పచ్చగానే ఉన్నాయి. కొత్తగా వచ్చే చిగుళ్లు మాత్రం పసుపు తిరిగి, ఆ పైన కాగితంలా తెల్లబడ్డాయి. బండ్లబాట మీద నిలబడితే పచ్చటి కంది నడుమ ఆ తెల్లటి కొసలు కొట్టొచ్చినట్టు కనిపించసాగాయి.

తిరుపతయ్య వచ్చి చేనంతా తిరిగాడు. ఒక చిగురు తుంచి వేళ్ల మధ్య నలుపుతూ, పక్క చేను ఎవరిదని అడిగాడు. కిష్టయ్యదని హనుమంతు చెప్పాడు. కిష్టయ్య ముసలివాడు. జములమ్మను కోడలా అని పిలిచేవాడు, ఆ ఊళ్లో ఆమెకు మొదట నాగలిసాలు వెంట నడక నేర్పినవాడు. ఆ ఏడు తన మక్క చేనులో గడ్డిమందు కొట్టించాడు. ఆ మాట కూడా హనుమంతు నోట జారింది.

తిరుపతయ్య తల ఊపాడు. "కావాలని కొట్టిండు. అబ్కారోళ్లకు చెప్పనీకె గుర్తు పెట్టిండు. నేను చూస్కుంట" అన్నాడు.

ఎలా చూసుకుంటాడో ఎవరూ అడగలేదు. పోయినేడు పెద్దమందడి వైపు ఒక రైతు మీద ఇలాంటి అనుమానమే వచ్చిందని, ఆ రైతు బావిలో శవమై దొరికాడని జములమ్మ సంతలో విని ఉంది. అది నిజమో అబద్ధమో తెలియదు. కానీ తిరుపతయ్య కిష్టయ్య చేను వైపు చూసిన చూపును ఆమె తన కళ్లతోనే చూసింది.

అప్పటిదాకా ఆ మొక్కల జోలికి పోని జములమ్మ చేనులోకి దిగింది. గడ్డిమందు గాలికి వచ్చి పడితే గట్టు పక్క మొక్కలకు ముందు తగలాలి, ఆకు మెలితిరగాలి. కిష్టయ్య గట్టు వెంబడి మొక్కలు నిక్షేపంగా ఉన్నాయి. తెల్లబడినవన్నీ పల్లం వైపు, బోరు నీళ్లు నిలిచే నేలచెక్కలోనివి. చిగురాకు ఎత్తి ఎండకు పట్టి చూసింది. ఆకు తెల్లగా ఉన్నా ఈనెలు ఇంకా పచ్చగానే ఉన్నాయి. కాలి కింద సున్నపురాళ్లు గుచ్చుకున్నాయి. ఆ చెక్క అంచున పోయినేటి గింజలు రాలి మొలిచిన వేరుశనగ మొక్కలకూ చిగుళ్లు అలాగే పాలిపోయాయి. ఆ రోగం ఆమె ఎరిగిందే. సున్నం ఎక్కువై నీరు నిలిచిన నేలలో మొక్కకు ఇనుము అందదు. అన్నభేది కలిపిన నీళ్లు కొడితే ఆకు మళ్లీ పచ్చబడుతుంది.

తిరుపతయ్యను చేనుకు పిలిచి వేరుశనగ మొక్కను పీకి చేతిలో పెట్టింది.

"కిష్టయ్య మామకు దీనికి సంబంధం లేదన్నా. ఇది భూమి గుణం. బుడ్డలకు గూడ గిట్లనే అయింది, చూడు."

"మందేంది?"

ఆమె వేళ్లకంటిన మన్ను దులుపుకుంది. "భూమికి మందేముంటది? ఈ చెక్కల అది బత్కదు."

తిరుపతయ్య రెండు చిగుళ్లనూ పక్కపక్కన పెట్టి చాలాసేపు చూశాడు. కిష్టయ్య మాట మళ్లీ ఎత్తలేదు. మోటారుసైకిలు ఎక్కి వెళ్లిపోయాడు. పంట చచ్చిపోతే పీడ పోతుందని జములమ్మ అనుకుంది.

వారం తిరక్కుండా అతను మళ్లీ వచ్చాడు. గద్వాలలో ఎవరో పురుగుమందుల షాపు అతన్ని వేరుశనగ పేరు చెప్పి అడిగాడట. తెచ్చిన అన్నభేది సంచిని గడప మీద పెట్టి, మంచినీళ్లు అడిగి తాగి, చెంబు తిరిగిచ్చాడు.

"నీకు తెల్వకనా చెల్లె, తెల్సి చెప్పలేదా?"

జములమ్మ చెంబు బోర్లించింది. "తెల్సే చెప్పలే" అంది.

అతను కోప్పడలేదు. ఆమె చెయ్యి మంచిదన్నాడు. తనకు ఇంకా చాలా చోట్ల చేన్లు ఉన్నాయని, రేపటి నుంచి వాటినీ ఆమె చూసిపెట్టాలని, బండి పంపిస్తానని చెప్పాడు. అడుగుతున్నట్టు లేదు, తేల్చి చెబుతున్నట్టు ఉంది. అతను పోయాక హనుమంతు ఆ చేన్లకు పోదామంటాడేమోనని ఆమె భర్త మొహంలోకి చూసింది. హనుమంతు అరుగు మీద చతికిలబడి తల అడ్డంగా ఊపుతున్నాడు.

మర్నాడు పొద్దెక్కాక, ఊరంతా చేన్లకు పోయే వేళ, జములమ్మ కొంగు నడుముకు చెక్కి చేనులోకి దిగింది. తెల్లవీ పచ్చవీ అన్నీ వేళ్లతో సహా పీకడం మొదలుపెట్టింది. చాటుగా పీకితే పంట అమ్ముకున్నారని తిరుపతయ్య అంటాడని అందరూ చూస్తుండగానే చేసింది. కాసేపటికి హనుమంతు వచ్చి పక్క సాలు పట్టాడు. ఏమీ అడక్కుండా కిష్టయ్య కూడా గట్టు దాటి వచ్చాడు. కుప్ప వేసి కిరసనాయిలు పోసి అంటించారు. పచ్చి మొక్కల పొగ ఊరి మీదుగా చాలాసేపు పాకింది.

తిరుపతయ్య పంపిన బండి వచ్చి, పొగ చూసి, ఆగకుండా తిరిగిపోయింది. ఆ తర్వాత ఎవరూ రాలేదు. రాకపోవడమే జములమ్మను ఎక్కువ భయపెట్టింది. ఒంటరిగా పోవద్దని ఎంత మొత్తుకున్నా, దీపావళి ముందు హనుమంతు గద్వాల సంతకు ఒక్కడే పోయాడు. చీకటి పడకముందే వచ్చాడు గానీ కుడి చెయ్యి మోచేతి దగ్గర విరిగి వేలాడుతోంది. బస్సు దిగుతుంటే జారిపడ్డానన్నాడు. దవాఖానలోనూ అదే చెప్పాడు. జములమ్మ ఒక్కసారే అడిగింది.

"నిజంగ పడ్డవా?"

"పడ్డననే అనుకో" అన్నాడు హనుమంతు. "ఇగ తిరుపతయ్య రాడు. గీ చెయ్యితోనే సరి అన్నరు ఆయన మనుషులు."

ఆ చెయ్యి సరిగ్గా అతుక్కోలేదు. మందు కొట్టే పంపు అతను మళ్లీ భుజానికి ఎత్తలేకపోయాడు. ఆ బరువు జములమ్మ భుజానికెక్కింది. పల్లపు చెక్కలో ఆమె ఆముదాలు వేసింది. హనుమంతు ఎడమచేత్తో కలుపు తీయడం నేర్చుకున్నాడు. ఎవరైనా చెయ్యి సంగతి అడిగితే బస్సు కథే చెప్పేవాడు. ఆమె పక్కనే ఉండి కూడా కాదనేది కాదు.