పన్నెండు మోతలు

మధ్యాహ్నం కొండ మీద మోత మొదలవగానే యంకమ్మ చేతిలో పని ఆపి వేళ్లు మడిచేది. లాభం, రెండు, మూడు. కల్లంలో జొన్నలు కొలిచేటప్పుడు మొదటి కొలతను ఒకటి అనరు, లాభం అంటారు. ఆమెకు వచ్చిన లెక్క అదొక్కటే.

కూరెకుప్ప ఊరి పక్కన వాళ్లకు నాలుగెకరాల మెట్ట. మూడేళ్లు వరుసగా వాన మొహం చాటేసింది. రెండోసారి చల్లిన విత్తనం కూడా మట్టిలోనే మాడిపోయాక ఆమె భర్త భీమప్ప ఇనుపరాయి గనిలో పనికి కుదిరాడు. రాతికి బొక్కలు తొలిచి మందు దట్టించాలి. ఆ రోజు ఎన్ని పేలుస్తారో పొద్దున్నే ఆమెకు చెప్పి పోయేవాడు. ఒక మోత తగ్గిందంటే మందు రాతిలోనే పేలకుండా ఉన్నట్టు. చూసి రావడానికి వత్తి అంటించినవాడే పోవాలి.

ఆ పొద్దున సద్ది మూట అందుకుంటూ భీమప్ప అన్నాడు.

"పన్నెండు మోతలు మే. ఈపొద్దు వత్తి నేనే అంటిస్తా."

"నీకేం తెలుసని?"

"పొయ్యి ముట్టిచ్చేది నీకెవరు నేర్పినారు?"

మధ్యాహ్నం ఆమె లెక్క పదకొండు దగ్గర ఆగిపోయింది. మడిచిన వేలు అట్లాగే పట్టుకుని నిలబడింది. కొండ మీద ఎర్రదుమ్ము లేచి మెల్లగా దిగింది. ఇంకేమీ వినబడలేదు.

"గాలి అటు పోతాంది, వినబడలేదేమోలే" అంది పక్క చేని దుర్గక్క.

యంకమ్మ అప్పటికే రోడ్డు వైపు నడుస్తోంది. కొండ దిగి ఒక జీపు వేగంగా వచ్చింది. వెనక ఎవరినో పడుకోబెట్టినట్టుంది. దగ్గరికొచ్చాక చూస్తే ఖాళీ డ్రమ్ములు. ఆమె రోడ్డు పక్కనే కూర్చుండిపోయింది.

పొద్దు వాలాక కూలీల లారీ ఆగింది. భీమప్ప దిగాడు. ఆమె అతని చేతులు రెండూ పట్టుకుని తిప్పి చూసింది.

"ఏంది మే, అందరూ చూస్తాండారు!"

"పదకొండే పేలినాయి."

"పన్నెండూ పేలినాయి. యాదీ, ఎట్ల లెక్క పెట్టినావు?"

"లాభం, ఒకటి, రెండు..."

భీమప్ప పగలబడి నవ్వాడు. "లాభం అయినాక మళ్లీ ఒకటి యాడిది? గింజ కొలిచి మూడేండ్లాయె, ఈపొద్దు భయానికి మరిసిపోయినావు."

ఆమెకు నవ్వు రాలేదు. ఈరోజు తప్పింది లెక్క. రేపు మోతే తప్పితే, లారీ వచ్చేదాకా తనకు తెలిసేది ఎట్లా?

మర్నాడు పొద్దున చేను దుర్గక్కకు పంటలో సగం పాలుకు అప్పజెప్పి, భీమప్ప వద్దంటున్నా లారీ ఎక్కింది. గని మేస్త్రి అడిగాడు.

"రాయి కొడతావా, మోస్తావా?"

"వత్తి పెట్టే తావుకు యాది దగ్గరప్పా?"

"మోసేది."

ఆమె గంప అందుకుంది.