చీకటిగా ఉండాల్సిన స్లైడు

యూనివర్సిటీలో మా ల్యాబు చీకటిగదికి గొళ్ళెం బయటివైపు ఉండేది. లోపలి గడియ ఎప్పుడో తుప్పు పట్టి ఊడిపోయింది. విశాఖపట్నం ఉప్పుగాలి ఇనుప సామాను దేన్నీ బతకనివ్వదు. గాలికి తలుపు తెరుచుకుని వెలుతురు పడితే స్లైడ్ల మీద రంగు వెలిసిపోతుంది. అందుకని నేను లోపలికి వెళ్ళగానే మా అటెండరు బయట గొళ్ళెం పెట్టేసేవారు. ఆయన పద్మనాభం అనే ఊరి నుంచి రోజూ బస్సులో వచ్చే పెద్దాయన.

"నాను ఇక్కడే కూకుంటాను మేడంగారూ. అయిపోయాక తలుపు కొట్టండి, సాలు," అనేవారు. ఆ తర్వాత హాయిగా టీకి పోయేవారు. తలుపు కొట్టీ కొట్టీ నా వేళ్ళు కందిపోయిన రోజులున్నాయి.

ఎనభైల మొదట్లో సంగతి ఇది. గదికి కిటికీ లేదు. దుమ్ము లేస్తుందని ఫ్యాను వెయ్యనిచ్చేవారు కాదు. మైక్రోస్కోపు దీపం ఒకసారి వెలిగిస్తే అరగంట దాకా ఆర్పకూడదు, ఆర్పితే బాగా చల్లారేదాకా మళ్ళీ వెలిగించకూడదు. మే నెలలో ఆ దీపంతో కలిసి నేనూ ఉడికేదాన్ని.

నా పని సంయోజక కణజాలంలోని కణాల మీద. శరీరంలో ఒక భాగాన్ని ఇంకో భాగానికి పట్టి ఉంచే పోగుల్ని తయారుచేసేవి ఇవే, గాయం మానేటప్పుడు మచ్చ కట్టేవీ ఇవే. ఊళ్ళో స్టీల్ ప్లాంటు కడుతున్న రోజులు కావడంతో కాలిన గాయాలకి కొదవ లేదు. ఆపరేషన్లలో తీసేసిన మచ్చ చర్మం మాకు వచ్చేది. అందులోని కణాల్ని గాజు మీద పెంచి, రెండు యాంటీబాడీలు ఒకదాని తర్వాత ఒకటి వేసేదాన్ని. మొదటిది కణంలో ఒక ప్రోటీన్‌ని వెతికి పట్టుకుంటుంది. రెండోది ఆ మొదటిదాన్ని పట్టుకుంటుంది. ఆకుపచ్చగా వెలిగే రంగు ఈ రెండోదానికే అతికించి ఉంటుంది. మచ్చలోని కణాలు మామూలు చర్మం కణాల కన్నా ఎక్కువగా వెలుగుతున్నాయి, అంటే వాటిలో ఆ ప్రోటీన్ ఎక్కువ ఉంది. ఇదీ నా థీసిస్. మూడేళ్ళు దానికే పోశాను.

ఈ పనికి ఒక నియమం ఉంది. ప్రతిసారీ ఒక స్లైడుకి మొదటి యాంటీబాడీ మానేసి రెండోది మాత్రమే వెయ్యాలి. పట్టుకోవడానికి ఏమీ దొరకదు కనక అది కడిగితే పోవాలి, స్లైడు చీకటిగా కనపడాలి. దాన్ని కంట్రోల్ అంటారు. మా గైడు దాన్ని చెయ్యనిచ్చేవారు కాదు. చెడ్డ మనిషి కారు, నేను భోజనం చేశానో లేదో రోజూ అడిగేవారు. కానీ ఆ రెండో యాంటీబాడీ బొటనవేలంత సీసాలో, ఏడాది ఎదురుచూశాక విదేశం నుంచి వచ్చింది. దాన్ని ఆయన ప్రాణంలా చూసుకునేవారు.

"చీకటి సూడ్డానికి ఓ చుక్క తగలెయ్యాలా ఏటమ్మా?" అనేవారు.

నేనూ తలూపాను. ఇప్పుడు ఆయన్ని అని ఏం లాభం? నాకూ సీసా అయిపోతుందన్న భయమే. అయితే లైబ్రరీకి వచ్చే పత్రికల్లో వెలిగే ప్రతి బొమ్మ పక్కనా ఒక నల్లటి బొమ్మ ఉండేది. అది చూసినప్పుడల్లా ఒళ్ళు మండేది, ఎవరి మీదో తెలీదు. చివరి ఏడాది ఒక మధ్యాహ్నం ఆయన మీటింగుకి వెళ్ళినప్పుడు, దొంగతనంగా ఒక మచ్చ స్లైడుకి రెండో యాంటీబాడీ చుక్క మాత్రమే వేశాను. కడిగి, చీకటిగదిలోకి తీసుకెళ్ళి, దీపం కింద పెట్టాను.

కణాలు వెలిగాయి. మిగతా అన్ని స్లైడ్లలాగే, పచ్చగా, పోగులు పోగులుగా.

రంగు దేన్నీ వెతకడం లేదు, ఎక్కడ పడితే అక్కడ అంటుకుంటోంది. మచ్చ కణాలకి ఇంకాస్త ఎక్కువ అంటుకుంటోంది, అంతే. మూడేళ్ళ పని గంగపాలు. లేచి తలుపు కొట్టాను, ఎవరూ తియ్యలేదు. ఆ వెలుగుని చూస్తూ మళ్ళీ అదే స్టూలు మీద కూర్చున్నాను.

మళ్ళీ మొదలుపెడదామంటే సీసా అడుగంటింది. కొత్తది రావాలంటే ఇంకో ఏడాది, నా ఫెలోషిప్పుకి మిగిలింది ఆరు నెలలు. పాత ఊళ్ళో గడియారాలు బాగుచేసే మా అబ్బా, అంటే మా నాన్న, కొట్టుకి వచ్చినవాళ్ళందరికీ అప్పటికే చాటేశారు: "మా అమ్మాయి ఈ యేడే డాక్టరయిపోతంది." కక్కలేక మింగలేక వారం రోజులు తిరిగాను.

చివరికి ఆ స్లైడునే గైడుకి చూపించి ఉన్నది చెప్పేద్దామనుకున్నాను. చీకటిగదిలో ఆయన వంగి చూశారు, చాలాసేపు చూశారు. ఏం అడిగినా చెప్పేసేదాన్ని. నిజంగా చెప్పేసేదాన్ని.

"ఇన్నాళ్ళకి అసలైన ఫోటో పడిందమ్మా," అన్నారు. ఆ సంతోషం ఆయన గొంతులో ఎప్పుడూ వినలేదు. "ఫస్టు బొమ్మ ఇదే వెయ్యి."

ఆయన తలుపు కొట్టారు. ఆయనకైతే వెంటనే తీశారు.

వైవా రోజున వేరే ఊరి నుంచి వచ్చిన పరీక్షకుడు థీసిస్ తిరగేసి, మొదటి బొమ్మ దగ్గర ఆగారు. పెద్దవారు, మెత్తగా మాట్లాడారు.

"చాలా బాగా వచ్చింది. దీని కంట్రోల్ స్లైడు ఎలా ఉందమ్మా?"

ఆయన వేలు ఆ బొమ్మ మీదే ఉంది. నేను మా గైడు వైపు చూశాను. ఆయన తల దించుకుని కళ్ళజోడు తుడుచుకుంటున్నారు.

"చీకటిగా వచ్చింది సార్," అన్నాను.

అది అబద్ధమని మా గైడుకీ తెలుసు. ఎంత పెద్ద అబద్ధమో నాకొక్కదానికే తెలుసు.