కర్టెన్ల వదిన, మరపు తెలియని ఫోను

ఆ వీధిలో ఆమెను అందరూ కర్టెన్ల వదిన అనే పిలుస్తారు, ఆమెకంటే పెద్దవాళ్ళతో సహా. పెళ్ళికి ముందునుంచీ ఒకే కొట్టులో కర్టెన్లు కుట్టింది. కిటికీని ఓసారి చూస్తే చాలు, కుచ్చులకు ఎంత గుడ్డ పడుతుందో చెప్పేస్తుంది. అయితే కుట్టిన ప్రతి కర్టెన్ అంచుకీ యజమాని పేరున్న చీటీ తగిలించాల్సిందే. మెప్పంతా ఆయనకే. ఒకరోజు కొనడానికి వచ్చినవాళ్ళ ముందు ఆయన, "ఇదంతా నా చేతి పనేనండీ" అన్నాడు. ఆ మహానుభావుడికి సూదిలో దారం ఎక్కించడం కూడా రాదు. వదిన కత్తెర బల్లమీద పెట్టి, చెప్పులు వేసుకుంది.

"నెల తిరక్కుండా నువ్వే వస్తావులే" అన్నాడు యజమాని.

"వస్తే మీ కిటికీలు కొలవడానికే వస్తాను" అంది.

అనడం తేలికే. పని ఎక్కణ్ణుంచి వస్తుంది? ఇప్పుడు కర్టెన్ కావాలన్నా, కుళాయి బాగుచేయించాలన్నా జనం ఇంటిపనుల యాప్‌లోనే మనిషిని పిలుస్తున్నారు. ఆమెదేమో బటన్ల ఫోను. అప్పుడు ఆదుకున్నవాడు మరిది. కొత్త ఫోను కొనుక్కున్న ఊపులో పాతది వదిన చేతిలో పెట్టాడు. సోఫాలు బాగుచేయడం అతని పని. మంచివాడే గానీ, నిద్రకీ అతనికీ చుట్టరికం కొంచెం ఎక్కువ. ఒకప్పుడు అతనూ ఆ యాప్‌లోనే పనిచేశాడు. నచ్చక మానేశానని ఇంట్లో చెప్పాడు.

వదిన తన పేరు, నంబరు ఇచ్చింది. ఈ ఫోనుకు ప్రవేశం లేదంది యాప్. తీసేసి మళ్ళీ వేసింది. మళ్ళీ అదే మాట.

"వేరే నంబరుతో వేసి చూడు వదినా. తీసేసి వేస్తే దానికి మనం కొత్తవాళ్ళమే" అన్నాడు మరిది, గోడకేసి చూస్తూ.

భర్త నంబరుతో వేసింది. ఆడపడుచు నంబరుతో వేసింది. చివరికి అత్తగారి నంబరుతో కూడా వేసింది. తీయడం, వేయడం, తిట్టుకోవడం. తల ప్రాణం తోకకొచ్చింది. నెల దగ్గరపడుతుంటే యజమాని మాట చెవిలో జోరీగలా రొద పెడుతోంది. ఇక లాభం లేదని మరిదిని వెంటబెట్టుకుని యాప్ ఆఫీసుకే వెళ్ళింది.

బల్ల వెనక కూర్చున్న అమ్మాయి కంప్యూటర్లో చూసి కళ్ళద్దాలు సర్దుకుంది. "ఈ ఒక్క ఫోన్లోంచి మీ ఇంటిల్లిపాదీ వచ్చారే. ఆ పెద్దావిడ కూడా కర్టెన్లు బిగిస్తారా అండీ?"

"మా అత్తగారికి కోపమొస్తే ఏదైనా బిగిస్తుందమ్మా" అంది వదిన. "అది సరే, తీసేసి వేస్తున్నా మీ యాప్ ఎలా పసిగడుతోంది?"

"ఫోను లోపల తాళం వేసిన చిన్న అరలాంటిది ఉంటుంది. అందులో మా గుర్తొకటి పెడతాం. మీరు తీసేస్తే యాప్ పోతుంది, గుర్తు పోదు. మళ్ళీ వేయగానే యాప్ ముందు దాన్నే వెతుక్కుంటుంది. ఇంతకీ ఈ ఫోను ఇదివరకు ఎవరిదండీ?"

గుమ్మడికాయల దొంగ అనకముందే మరిది భుజాలు తడుముకున్నాడు. వదినకు విషయం అర్థమైంది. ఒళ్ళు మండింది కూడా. కానీ ఇంటి గుట్టు బజారున పెట్టే మనిషి కాదామె.

"ఎవరిదో ఏమో, పాత ఫోన్ల కొట్లో కొన్నాం" అంది.

"కాదండీ" అన్నాడు మరిది, లేచి నిలబడి. "అది నాది."

అమ్మాయి తెర ఇటు తిప్పింది. ఒక ఇంట్లో సోఫా బాగుచేసి, కుదిరిందో లేదో చూద్దామని దానిమీదే ఒరిగి, నోరు తెరుచుకుని నిద్రపోయిన మరిది ఫొటో. ఇంటివాళ్ళు ఎంత లేపినా లేవలేదట. అంతకుముందు ఇళ్ళలోనూ ఇదే కథట, అందుకే అతన్ని తీసేశారట. వదిన ఎంత ఆపుకుందామన్నా నవ్వు ఆగలేదు.

"సోఫా మాత్రం బ్రహ్మాండంగా కుదిరింది" అంది కళ్ళు తుడుచుకుంటూ.

"ఈ ఫోనులో ఇక కుదరదండీ. వేరేది తెస్తే ఇప్పుడే చేర్చుకుంటాను" అంది అమ్మాయి.

మరిది జేబులోంచి కొత్త ఫోను తీశాడు. "ఇది తీసుకో వదినా. ఆ మచ్చ నాది, ఆ ఫోను నా దగ్గరే ఉండనీ. ముందే చెప్పాల్సింది. అందరూ నవ్వుతారని సిగ్గేసింది."

"నవ్వేదాన్నే. నవ్వి అన్నం పెట్టేదాన్ని" అంది వదిన. కోపమంతా ఎటు పోయిందో, అతని మీద పట్టలేనంత ప్రేమ వచ్చింది.

అమ్మాయి వివరాలన్నీ ఎక్కించి ఫోను ముందుకు జరిపింది. "ఒక్క మాటండీ. ఈ ఫోను కూడా మిమ్మల్ని గుర్తుపెట్టుకుంటుంది. యాప్ తీసేసినా సరే, మీరు చేసిన పని, మంచైనా చెడైనా, మీ పేరు మీదే ఉండిపోతుంది. ఒప్పుకుంటారా?"

"ఎవరి పేరు మీద?"

"మీ పేరు మీదే."

వదిన ఫోను దగ్గరికి లాక్కుంది. ఒప్పుకుంటున్నాను అని రాసి ఉన్నచోట వేలితో గట్టిగా నొక్కింది. ఒకసారి చాలండీ అని అమ్మాయి అంటున్నా వినకుండా ఇంకోసారి నొక్కింది.